మాగిన నీళ్ళు

ఆకివీడు దగ్గర చేపల చెరువులు చేసే మా తోడల్లుడు ఒక మాట అంటూ ఉంటాడు: "చేపల్ని మేమేం పెంచుతామండీ అన్నయ్యగారూ! మేం పెంచేది నీళ్ళని. నీళ్ళు బాగుంటే చేప తనంతట తనే పెరుగుతుంది." ముప్పై ఏళ్ళుగా బొచ్చె, శీలావతి పెంచుతున్న మనిషి కాబట్టి ఆయన మాటకు నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు. కాని ఆ మాటకున్న అసలు లోతు, మా పెరట్లో ఏడడుగుల పొడవూ నాలుగడుగుల వెడల్పూ ఉన్న ఒక చిన్న కొలను తవ్వించి, ఎనిమిది బంగారుచేపల్ని తెచ్చుకునే పనిలో పడ్డాక గాని బోధపడలేదు.

కొత్తావకాయని మూడో రోజుదాకా కదపం. దోసెల పిండి రాత్రంతా పులవాలంటాం. మామిడికాయల్ని వరిగడ్డిలో వేసి, మాగే దాకా ఆ గది తలుపు తియ్యనివ్వం. ఇన్నింటి కోసం ఆగడం తెలిసిన జాతి మనది. నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, కుళాయి తిప్పగానే ధారకట్టినవి నీళ్ళు కాక మరేమిటి అనుకుంటాం. చేప దృష్టిలో అవి పచ్చి నీళ్ళు. వాటినీ మాగెయ్యాలి. అందుకు సుమారు ఆరు వారాలు పడుతుంది. నేను చెప్పదలచుకున్నది ఆ ఆరు వారాల గురించే. చేపల సంగతి ఆ తరువాత.

బంగారుచేప మనకు మరీ పరాయిది కాదు. కార్పు కుటుంబానికి చెందినది, అంటే మన బొచ్చెకీ శీలావతికీ దూరపు చుట్టం. చైనా మంచినీటి మడుగుల్లో తిరిగే ఒక బూడిదరంగు చేప దీని మూలపురుషుడు. వాటిలో ఎప్పుడో ఒకటి ఎర్రగానో పసుప్పచ్చగానో పుట్టేది. అలాంటి దాన్ని తినకుండా బౌద్ధులు తమ ఆలయాల దగ్గరి కొలనుల్లో వదిలిపెట్టేవారు. ప్రాణి విమోచనం పుణ్యకార్యం కదా! వెయ్యేళ్ళనాడు, సోంగ్ రాజుల కాలానికి, ఆ పుణ్యం కాస్తా సంపన్నుల ముచ్చటగా మారింది. అక్కడి నుంచి జపానుకీ, పదిహేడో శతాబ్దంలో ఐరోపాకీ ప్రయాణం కట్టింది. గాజు గిన్నెలో పెట్టి చూడటం చాలా తరువాతి ముచ్చట. పుట్టుకతో ఇది కొలను చేపే.

మాది రాజమండ్రి. ఉద్యోగ విరమణ అయిన నాలుగు నెలలకి, 2023 సంక్రాంతి వెళ్ళగానే, పెరట్లో కొలను తవ్విద్దామనుకుంటున్నానని ఇంట్లో ప్రకటించాను. మా ఆవిడ "ఏదో ఒక వ్యాపకం" అని ఊరుకుంది. మా అమ్మ మాత్రం చేస్తున్న పని ఆపి, "గాబు ఉందిగా, అందులో వేసుకో నీ చేపల్ని" అంది. గాబుకి మూత ఉంది. ఆవిడ ఉద్దేశం అదే.

ఇది అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. 1956 ఎండాకాలంలో, అమ్మకు తొమ్మిదేళ్ళప్పుడు, ఊరి చెరువుకి పలక కడుక్కోవడానికి వెళ్ళిన ఆవిడ తమ్ముడు తిరిగి రాలేదు. ఆరేళ్ళవాడు. రేవులో బట్టలుతికేవాళ్ళూ బిందెలు తోముకునేవాళ్ళూ కలిసి పదిమంది ఉన్నారట. ఒక్కరికీ ఏమీ వినపడలేదు. పలక మాత్రం కడిగినది కడిగినట్టే మెట్టు మీద ఉందట. ఇంత కథనీ నా జీవితకాలంలో అమ్మ రెండే రెండు సార్లు చెప్పింది. రెండుసార్లూ ఒకే వాక్యంతో ఆపేసింది: "నీళ్ళు చప్పుడు చెయ్యవురా."

దీన్ని ముసలివాళ్ళ చాదస్తం కింద కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. పసిపిల్లలు నీళ్ళలో పడితే కేకలు వేస్తారని మనం సినిమాలు చూసి అనుకుంటాం. నిజానికి ఊపిరి కోసం పెనుగులాడే నోటికి కేక వేసే వ్యవధి ఉండదు. నడక వచ్చిన పిల్లలకు పావు బకెట్టు నీళ్ళు చాలు ప్రమాదానికి. మా అమ్మాయి కొడుక్కి అప్పుడు మూడేళ్ళు. వేసవికి బెంగుళూరు నుంచి వస్తారు. అమ్మ ఆలోచన ఎక్కడ తిరుగుతున్నదో నాకు తెలుసు.

రెండు రోజులు ఆ ప్రసక్తి ఎత్తలేదు. మూడో రోజు ఆవిడే షరతులు చెప్పింది. పైన ఇనుప చట్రం ఉండాలి, పిల్లవాడు ఎక్కి గెంతినా కుంగకూడదు. దానికి తాళం ఉండాలి. తాళంచెవి తన దగ్గరే ఉండాలి. చివరిది, "నేను అటువైపు రాను. చేపల్ని చూద్దువు గాని రమ్మని నన్ను పిలవకు."

అన్నింటికీ ఒప్పుకున్నాను.

పని విషయానికి వస్తే, మొదట తేల్చుకోవలసింది చోటు. బంగారుచేప చల్లని నీటి ప్రాణి. ఇరవై డిగ్రీల అటూ ఇటూ దానికి హాయి. ముప్పై దాటినా ఓర్చుకుంటుంది కాని, నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగి ఉండగల ప్రాణవాయువు తగ్గిపోతుంది. ఇరవై డిగ్రీల దగ్గర లీటరుకు తొమ్మిది మిల్లీగ్రాములు పట్టే నీరు, ముప్పై దగ్గర ఏడున్నరకు మించి పట్టలేదు. రాజమండ్రి మే నెల సంగతి తెలిసినవాడికి ఇంతకంటె చెప్పనక్కరలేదు. మధ్యాహ్నం నుంచి ఇంటి నీడ పడే తూర్పు గోడ పక్కన స్థలం చూశాను. మామిడిచెట్టు కింద నీడ బాగానే ఉంటుంది గాని, రాలిన ఆకులు కుళ్ళి నీటిని పాడుచేస్తాయి.

రెండడుగులు నేలలోకి తవ్వి, ఒక అడుగు ఇటుకల గట్టు పైకి లేపించాం. అంచుకి అర అడుగు కిందివరకు, అంటే రెండున్నర అడుగుల లోతున నీరు నిలుస్తుంది. లెక్కవేస్తే డెబ్భై ఘనపుటడుగులు, సుమారు రెండు వేల లీటర్లు. దాని బరువు రెండు టన్నులు. మేడమీద పెట్టుకుందామనుకునే మిత్రులు ఈ అంకెని ఒకసారి మననం చేసుకోవాలి! అడుగున రెండంగుళాల ఇసుక పరిచి, దాని మీద రొయ్యల చెరువులకు వేసే నల్లటి మందపాటి ప్లాస్టిక్ షీటు వేశాం. షీటు కొలతకు లెక్క సులువు: పొడవుకి రెండు వైపులా లోతుని కలిపి, అంచు మీద మడత పెట్టడానికి చెరో అడుగు వేసుకోవాలి. ఏడు, ఆరు, రెండు కలిపి పదిహేను. నాలుగు, ఆరు, రెండు కలిపి పన్నెండు. అదీ షీటు కొలత.

నీటిని తిప్పడానికి చిన్న మోటారు. అది నీటిని ఒక ప్లాస్టిక్ డ్రమ్ములోకి తోడుతుంది. డ్రమ్ములో స్పాంజి ముక్కలూ, వాటి మీద కంకరా. వాటి గుండా వడిసిన నీరు ఒక రాతి పలక మీదుగా మళ్ళీ కొలనులోకి దూకుతుంది. దూకేటప్పుడు గాలిని వెంటబెట్టుకుపోతుంది. ఆ చిన్న జలపాతపు చప్పుడు అమ్మ పడుకునే గది కిటికీలోంచి వినపడుతుంది. కడియం నర్సరీల నుంచి కుండీతో సహా ఒక తెల్ల కలువనీ, మేలో పైన కట్టడానికి పచ్చటి నీడ వలనీ తెచ్చాం. రెండంగుళాల గళ్ళున్న ఇనుప చట్రం బిగించి, తాళంచెవి అమ్మ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని బొడ్డున దోపుకుంది.

నీళ్ళు నింపింది ఫిబ్రవరి మొదటి వారంలో. మునిసిపాలిటీ నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. ఒకటి రెండు రోజులు ఎండా గాలీ తగిలితే అది ఎగిరిపోతుంది. (కొన్ని ఊళ్ళలో క్లోరమిన్ కలుపుతారు. అది అలా పోదు, విరుగుడు మందు వెయ్యవలసిందే.) ఆ తరువాత అసలు వ్రతం మొదలైంది. ప్రతి ఉదయం చిటికెడు చేపల మేత తీసుకువెళ్ళి, చేపలు లేని ఆ నీళ్ళలో చల్లేవాణ్ణి. దోమలు చేరకుండా పైన దోమతెర కప్పేవాణ్ణి. లేని చేపలకు మేతా, ఆపైన దోమతెరా! పక్కింటాయన రెండు వారాలు గోడ మీదుగా చూసి, ఉండబట్టలేక మా ఆవిణ్ణి "మాస్టారికి ఒంట్లో ఎలా ఉందమ్మా?" అని పరామర్శించాడు. బ్యాంకు ఉద్యోగం చేసినవాణ్ణి ఆయన మాస్టారని ఎందుకంటాడో అది వేరే కథ.

ఈ వ్రతంలోని మర్మం ఇది. చేప విసర్జించేదీ, మిగిలిన మేత కుళ్ళి తయారయ్యేదీ అమోనియా. అది చేపకు విషం. నీటి ఆమ్ల-క్షార గుణాన్ని బట్టి దాని తీవ్రత మారుతుంది. ఇరవై అయిదు డిగ్రీల నీటిలో పీహెచ్ ఏడు ఉంటే, ఉన్న అమోనియాలో విషరూపంలో ఉండేది నూటికి ఒక పాలు కూడా కాదు. ఎనిమిది అయితే అయిదు పాళ్ళు, తొమ్మిదికి చేరితే ముప్పై అయిదు. అంతే అమోనియా, అదే చేప, కాని బతుకుకీ చావుకీ ఉన్నంత తేడా. ఈ అమోనియాని తిని బతికే సూక్ష్మజీవులు కొన్ని ఉన్నాయి. అవి దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే, చేప రక్తానికి ప్రాణవాయువుని మోసే శక్తి లేకుండా చేస్తుంది. మరో తెగ సూక్ష్మజీవులు దాన్ని నైట్రేట్ చేస్తాయి. నైట్రేట్ వల్ల పెద్ద హాని లేదు, మన కలువ మొక్కకు అదే ఎరువు. ఈ రెండు తెగలూ స్పాంజిలో, కంకర మీద, షీటు గోడల మీద కాపురాలు పెట్టి వృద్ధి చెందాలి. వాటికి ముందుగా ఆహారం అందించడమే లేని చేపలకు మేత వెయ్యడంలోని అంతరార్థం.

1877లో ష్లోసింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఇసుక నింపిన పొడవాటి గొట్టంలోంచి మురుగునీటిని మెల్లగా వడకట్టి చూశారు. ఇరవై రోజులు ఏమీ జరగలేదు. పోసిన అమోనియా పోసినట్టే కిందికి వచ్చింది. ఆ తరువాత అది నైట్రేట్‌గా మారడం మొదలైంది. క్లోరోఫాం ఆవిరి పట్టిస్తే ఆగిపోయింది. క్లోరోఫాం పోగొట్టి, కాస్త మట్టి కడిగిన నీళ్ళు పోస్తే మళ్ళీ మొదలైంది. అంటే ఈ పని చేస్తున్నది ఏదో ప్రాణమున్న వస్తువన్నమాట! ఆ ప్రాణుల్ని విడదీసి చూపించినవాడు రష్యన్ శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ, 1890 ప్రాంతంలో. నాకు ఈ కథలో నచ్చినది ఆ ఇరవై రోజులు. పైకి ఏమీ జరగనట్టు కనిపించే ఇరవై రోజుల్లో అంతా జరిగింది.

రొయ్యల రైతులకు మందులమ్మే కొట్లో నీటి పరీక్ష సీసాలు దొరుకుతాయి. గాజు గొట్టంలో కాసిని నీళ్ళు తీసుకుని చుక్కలు వేస్తే, అమోనియా లేకపోతే పసుపు రంగు, ఉంటే ఆకుపచ్చ. రోజూ సాయంత్రం వసారాలో కూర్చుని ఈ తంతు జరిపేవాణ్ణి. మొదటి వారమంతా పచ్చదనం చిక్కబడుతూ వచ్చింది. మూడో వారానికి పలచబడింది, దానికి బదులు నైట్రైట్ గొట్టం ఊదారంగుకు తిరిగింది. అమ్మ వసారాలోనే తన కుర్చీలో కూర్చుని, చూడనట్టు చూస్తూ ఉండేది. నాలుగో వారంలో కాబోలు, ఒకనాడు "ఇవాళ ఏం రంగు?" అని అడిగింది. ఏమిటీ ఎందుకూ అని కాదు సుమా, ఏం రంగు అని! ఆ రోజు నుంచి అడగకుండా ఉన్న సాయంత్రం లేదు. ఉగాది ముందు రోజు రెండు గొట్టాలూ నిర్మలంగా ఉన్నాయి. "మాగాయన్నమాట నీళ్ళు" అంది. ఈ మాట నాది కాదు, ఆవిడది.

ఉగాది మర్నాడు ఎనిమిది చేపలు వచ్చాయి. బుడగ కళ్ళూ విసనకర్ర తోకలూ ఉన్న సుకుమారుల జోలికి పోకుండా, సాదా రకమూ, పొడుగు తోక కామెట్ రకమూ ఎంచుకున్నాను. ఆరుబయటి బతుక్కి ఇవే తగినవి. తెచ్చిన ప్లాస్టిక్ సంచుల్ని అలాగే పావుగంట కొలనులో తేలనిచ్చి, వేడి సమానమయ్యాక వదిలాం. ఇవి అడుగు పొడవు దాకా ఎదుగుతాయనీ, సరిగా చూసుకుంటే ఇరవై ఏళ్ళు బతుకుతాయనీ మాటల్లో అన్నాను. అమ్మ వసారాలోంచే, "అయితే నాకంటె వెనకనే పోతాయి. నాకు లెక్క అప్పగించనక్కరలేదు" అంది. బంగారుచేపకు జీర్ణాశయం లేదు. ఎంత పెట్టినా ఇంకా కావాలంటుంది, పెట్టినది అరగక మళ్ళీ నీళ్ళనే పాడుచేస్తుంది. కొద్దికొద్దిగా, రెండు నిమిషాల్లో ఖాళీ చేసేటంత వెయ్యాలి. చట్రం గళ్ళలోంచి మేత వెయ్యవచ్చు కాబట్టి తాళంచెవి అవసరం లేకపోయింది. గుడ్డికొంగ ఒకటి నాలుగు రోజులు గోడ మీద తపస్సు చేసి, చట్రాన్ని చూసి నిరాశతో వెళ్ళిపోయింది. పిల్లవాడి కోసం పెట్టించినది చేపల్నీ కాపాడింది.

ఏప్రిల్‌లో పిల్లలు వచ్చారు. మనవడు గట్టు మీద బోర్లా పడుకుని గంటలు గడిపేవాడు. అమ్మ వసారా దాటలేదు గాని, కుర్చీ మాత్రం అరుగు చివరికి జరిగింది.

మే మూడో వారంలో వేడికి నీళ్ళు పచ్చబడ్డాయి. కంటికి కనపడని నాచు అది. పగలు ప్రాణవాయువునిస్తుంది, రాత్రి తనే పీల్చేస్తుంది. అందువల్ల ఏ చెరువులోనైనా ప్రాణవాయువు బొత్తిగా తగ్గిపోయే వేళ తెల్లవారుజాము. ఆకివీడు, భీమవరం వైపు రైతులు ఆ వేళకు చెరువుగట్ల మీద ఉండేది ఇందుకే. ఒక రాత్రి మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ పేలి కరెంటు పోయింది. చుక్క వాన లేదు, ఆకు కదలడం లేదు, ఉక్క. నాకు తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి పెరట్లోంచి నీళ్ళు దూకుతున్న చప్పుడు వినిపించింది. కరెంటు వచ్చిందనుకున్నాను. ఫాను చూస్తే తిరగడం లేదు. చప్పుడు కూడా ఎడతెగకుండా లేదు, ఆగి ఆగి వస్తోంది.

వెళ్ళి చూస్తే చట్రం తలుపు తెరిచి ఉంది. తాళం, తాళంచెవి గట్టు మీద ఉన్నాయి. పక్కనే లాంతరు. డెబ్భై ఆరేళ్ళ మా అమ్మ గట్టు మీద కూర్చుని, చెంబుతో కొలనులో నీళ్ళు ముంచి, చెయ్యి ఎత్తగలిగినంత ఎత్తుకి ఎత్తి, మళ్ళీ అందులోనే పోస్తోంది. నీటి పైన ఎనిమిది నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

"చప్పుడు ఆగిపోయిందిరా," అంది నన్ను చూడకుండానే. "మెలకువ వచ్చేసింది."

నేనింకో చెంబు తెచ్చుకున్నాను. తెల్లవారేదాకా ఇద్దరమూ పోస్తూనే ఉన్నాం. ఎక్కువ మాట్లాడుకోలేదు. ఎండ పొడ పడ్డాక ఒక్కొక్కటే నోరు మూసి కిందికి దిగాయి. అమ్మ లెక్కపెట్టింది. ఎనిమిదీ ఉన్నాయి. చట్రం మూసి, తాళం వేసి, లాగి చూసి, తాళంచెవి బొడ్డున దోపుకుని స్నానానికి వెళ్ళిపోయింది. ఆ వారంలోనే బ్యాటరీతో నడిచే చిన్న గాలి యంత్రం ఒకటి పెట్టించాను. కొత్తగా కొలను కట్టుకునేవాళ్ళు చేపల కంటె ముందు దాన్ని కొనుక్కోవడం మంచిది.

ఆ ఏడాది వానలు పడ్డాక కలువ వేళ్ళ మధ్య పిల్లలు కనిపించాయి. బంగారుచేపలు తమ గుడ్లనూ పిల్లల్నీ తామే తింటాయి. మొక్కల చాటున మిగిలినవే మిగులుతాయి. పుట్టినప్పుడు వాటికి బంగారం ఉండదు, పూర్వీకుల మట్టిరంగే. నెలలు గడిచాక కొన్నింటికి రంగు తిరుగుతుంది, కొన్నింటికి ఎన్నటికీ తిరగదు. చేపలు ఎక్కువైతే తెలిసినవాళ్ళకు ఇవ్వాలే గాని, గోదావరి కాలవలోనో ఊరి చెరువులోనో వదలకూడదు. అది విమోచనం అనిపించుకోదు. బయటి నీళ్ళలో అవి విపరీతంగా ఎదిగి, అడుగు మట్టిని కెలికి, మిగతా చేపల బతుకు చెడగొడతాయి. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, బర్న్స్‌విల్ నగరపు అధికారులు 2021లో ఈ చేపల్ని చెరువుల్లో వదలొద్దని జనాన్ని బతిమాలుకోవలసి వచ్చింది. మా పిల్లల్లో చాలావాటిని పక్కింటాయన తీసుకున్నాడు. ఆయన కూడా ముందు ఆరు వారాలు ఖాళీ నీళ్ళకు మేత వేశాడు. నేను గోడ మీదుగా చూశాను, ఏమీ అనలేదు.

మిగిలిన మట్టిరంగు పిల్లల్ని అమ్మ లెక్కలోకి తీసుకోలేదు. "రంగు తేలనీ, చూద్దాం" అంది. మూడింటికి తేలింది. దాంతో ఆవిడ లెక్క పదకొండయింది. రోజూ దీపాలు పెట్టే వేళకి గట్టు దాకా వెళ్ళి, చట్రం లాగి చూసి, లెక్కపెట్టి వస్తుంది. మనవడు బడికి వెళుతున్నాడిప్పుడు. ఆదివారాలు ఫోను చేసి, "తాతమ్మా, ఇవాళ చేపలెన్ని?" అని అడుగుతాడు. ముందు రోజు సాయంత్రం చూసిన లెక్కే కదా, ఉన్నచోటినుంచే చెప్పవచ్చు. చెప్పదు.

"ఉండు, చూసొచ్చి చెబుతాను," అంటుంది.